చేని గట్టు మీద మోనిషా

కే.జీ.కండిగై
4-11-2024

చిరంజీవి శశికళకు అత్త అలిమేలమ్మ రాస్తున్నది.

నువ్వూ పాపా బాగున్నారని ఎలుమలై చెప్పాడు. మన వీధిలోవాడే, మీ ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు కదా, రోజూ నిన్ను చూస్తున్నానన్నాడు. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. నా ఫోను నుంచి నీకు కాల్ పోవడం లేదు. ఎలుమలైకి చూపిస్తే, "నీ నంబరు బ్లాక్ చేసినట్టుండాదక్కా" అన్నాడు. నగరిలో తెలుగు బడిలో చదివావు కాబట్టి ఉత్తరమైతే చదువుతావని ఆశ.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వేరుశనగ పీకిన చోట్ల గడ్డి మోకాళ్ళెత్తు లేచింది. మీ మామ ఇంకా తాపీ పనికి పోతూనే ఉన్నాడు. మోకాలు నొప్పంటాడు, ఆగమంటే ఆగడు.

విషయం ఏమిటంటే, శ్యామ్‌సుందర్ తన మామిడి తోటను ఇప్పుడు బడి పిల్లలకు చూపిస్తున్నాడు. పిల్లలను ఎద్దుల బండి ఎక్కిస్తారు, నారు నాటిస్తారు, పాలు పితకడం చూపిస్తారు. నేనూ అక్కడ కలుపు పనికి పోతున్నాను. చిల్డ్రన్స్ డేకి తిరువళ్ళూరు నుంచి ఒక బడి వస్తుందని నిన్న చెప్పారు. బడి పేరు అడిగితే మన మోనిషా చదివే బడే. పొద్దున తిరుత్తణి కొండ చూసుకుని, మధ్యాహ్నం తోటకు వస్తారట.

శశీ, పాపను చూసి మూడేళ్ళయింది. ఆ రోజు నన్ను తోటలోనే ఉండనివ్వు. ఆవు దగ్గర నిలబడి పిల్లలందరితో పాటు చూస్తాను. అవ్వనని కూడా చెప్పను.

నీ అత్త
అలిమేలమ్మ


తిరువళ్ళూరు
6-11-2024

అత్తమ్మకు శశికళ నమస్కారాలతో రాస్తున్నాను.

ఉత్తరం అందింది. మోనిషాను ఆ టూరుకు పంపడం లేదు. సంతకం పెట్టలేదు. ఈ మధ్య దగ్గు ఎక్కువగా ఉంది. నాకు షిఫ్టు మారింది, ఎదురింటి ఆవిడ దగ్గర పాపను దింపి పోతున్నాను. ఈ అవస్థలో టూర్ల గురించి ఆలోచించే తీరిక లేదు.

మూడేళ్ళని మీరు రాశారు. ఆ మూడేళ్ళ కిందట ఏం జరిగిందో కూడా రాసి ఉంటే బాగుండేది. పెద్ద కర్మ రోజున అందరి ముందూ నన్ను ఏమన్నారో నాకు గుర్తుంది. "బిడ్డను మాకిచ్చి నువ్వు మీ ఊరికి పో" అన్నారు. అప్పటి నుంచి మీ పేరు వింటే నాకు మొదట వచ్చేది భయమే. మామను అడిగినట్టు చెప్పండి. ఆయన మీద నాకు కోపం లేదు.

శశికళ


కే.జీ.కండిగై
8-11-2024

శశికళకు అత్త అలిమేలమ్మ.

నేను ఆ మాట అన్నది నిజమే. కొడుకు పోయిన ఇంట్లో నోటికి ఏది వస్తే అది అన్నాను. అది తప్పు కాదని చెప్పను. కానీ దాని కోసం పాపను టూరుకు పోనివ్వకుండా ఆపొద్దు. తోటలో ఎద్దుల కొమ్ములకు రంగులేస్తున్నారు. వాటి మెడలకు పూసల కుచ్చులు కడుతున్నారు. తోటి పిల్లలంతా పోయి వచ్చి చెప్పుకుంటుంటే పాప ఒక్కతే వింటూ కూర్చోవాలా? నన్ను వద్దంటే రాను. ఆ రోజు పనికే పోను. పాపను మాత్రం పంపు.

అలిమేలమ్మ


తిరువళ్ళూరు
11-11-2024

అత్తమ్మకు నమస్కారాలు.

మోనిషాను పంపుతున్నాను. మీరు చెప్పారని కాదు. నోటీసులో కండిగై అన్న పేరు క్లాసులో మిస్సు చదివి వినిపించిందట, ఆ రోజు నుంచి పాప పట్టు వదల్లేదు. రెండు పూటలు అన్నం మానేసింది. ప్రియంక మిస్సు ఫోన్ చేసి తనే చేయి పట్టుకుని తిప్పుతానని చెప్పాక సంతకం పెట్టాను.

మీరు తోట వైపు రావద్దు. ఊళ్ళోవాళ్ళెవరూ పాపతో మాట్లాడకుండా చూడండి. అంతగా చూడాలనుకుంటే పొద్దున కొండ మీద, బస్సులు ఆగే చోట జనంలో నిలబడి చూడండి. దగ్గరకు రావద్దు. ముఖ్యంగా పాప నాయన మాట ఎవరూ ఎత్తకూడదు. మీరైనా సరే, మామైనా సరే. కారణం అడగవద్దు.

శశికళ


కే.జీ.కండిగై
13-11-2024

శశికళకు.

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించలేదు. చదవడానికి నాకే నోరు రాలేదు.

నా కొడుకు పేరు ఎత్తకూడదా? వాడి బిడ్డ ముందర, వాడు పుట్టిన ఊళ్ళో? కారణం అడగొద్దన్నావు. అడగను, నాకు అర్థమైంది. నీకు చిన్న వయసు. ఇంకొకరిని చేసుకోవాలనుకుంటే చేసుకో, నేను అడ్డం రాను. కానీ దానికోసం బిడ్డ మనసులోంచి వాణ్ణి తుడిచేయాలా?

కొండ మీద నిలబడమన్నావు, నిలబడతాను. కానీ పాప ఎదురుగా నడిచి వస్తే నా చేతులు ఊరుకుంటాయని మాట ఇవ్వలేను. ఎత్తుకుంటే ఎత్తుకుంటాను. ఎవరు ఆపుతారో ఆపనీ.

ఇది రేపు పొద్దున నీ షిఫ్టు బస్సులో ఎలుమలై ఇస్తాడు.

అలిమేలమ్మ


కే.జీ.కండిగై
16-11-2024

శశీ,

పాప ఎలా ఉందో ఒక్క మాట రాసి పంపు. ఎలుమలై నిన్నా ఇవాళా నువ్వు బస్సు ఎక్కలేదన్నాడు. ఏ ఆసుపత్రో అతనికీ తెలియదు. ఈ ఉత్తరం మీ ఎదురింటి ఆవిడకు ఇవ్వమన్నాను. ప్రాణాలతో ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు.

ఆ రోజు నేను పాపను తీసుకుపోలేదు. ఆ సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. మీ మామ ఆర్.కె.పేటలో పనుందని తెల్లవారే పోయాడు. నేను ఇంటికి తాళం వేసి మొదటి బస్సుకే కొండకు పోయాను. బస్సులు ఆగే చోట కొబ్బరికాయల అంగడి పక్కన కూర్చున్నాను. కండువాలో నువ్వుల ఉండలు కట్టుకుని పోయాను, ఇవ్వకపోయినా దగ్గర ఉంటాయని. పది బడుల పిల్లలు దిగారు. పట్టు పావడా కట్టిన ప్రతి పిల్లనూ చూశాను. మీ బడి బస్సు రాలేదు. వాన వచ్చేలా ఉందని ముందు తోటకే పోయారని నాకెవరు చెబుతారు?

మధ్యాహ్నం దాటాక ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకావిడ ఫోన్లో ఫోటో చూపించి ఇది నువ్వేనా అంది. నీ పెళ్ళి ఫోటో అది. శరత్ పక్కన నిలబడి ఉన్నాను. ఔనన్నాను. "కుళంద ఎంగమ్మా?" అంది, పిల్ల ఎక్కడ అని అరవంలో. నాకు మనవలున్నారా అని అడుగుతోందేమో అనుకుని, "ఉండాది, తిరువళ్ళూర్లో చదవతాది" అన్నాను. ఆవిడ నా మూట విప్పి చూసింది. అప్పుడు చెప్పారు, పాప తోటలో కనబడకుండా పోయిందని, నేనే ఎత్తుకుపోయానని వాళ్ళమ్మ కంప్లయింట్ ఇచ్చిందని.

శశీ, నన్ను స్టేషన్లో కూర్చోబెట్టినందుకు నాకు బాధ లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ బయట వాన పడుతుంటే, పాప ఎక్కడో ఒంటరిగా ఉంటే, వెతకడానికి పోనివ్వకుండా నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను చూపించగల దారులు ఎన్నో ఉన్నాయి. చెప్పాను. నన్ను వదిలిపెట్టండి, పిల్ల మా ఊరి చుట్టుపక్కలే ఉంటుంది, బావులున్నాయి, కాలువ పారుతోంది అని చెప్పాను. నేను చెప్పిన కొద్దీ నాకు అంతా తెలిసినట్టు వాళ్ళు రాసుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ వచ్చింది, పాప మన చేనిలో దొరికిందని, తాతకే దొరికిందని. నేను ఊరు చేరేసరికి మీరు పాపను ఆసుపత్రికి తీసుకుపోయారన్నారు. ఇక్కడ మీ మామ నాతో మాట్లాడటం లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏమైందని అడిగితే దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నాడు.

పాప ఎలా ఉంది?

అలిమేలమ్మ


తిరువళ్ళూరు
18-11-2024

అత్తమ్మకు.

మోనిషా బతికే ఉంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జ్వరం దిగి మళ్ళీ ఎక్కుతోంది. చేతికి సూది పెట్టి ఉంచారు. అన్నం ముద్ద పెడితే పెదవులు బిగించుకుంటోంది.

కంప్లయింట్ ఎందుకు ఇచ్చానని మీరు అడగలేదు, నేనే చెబుతాను. ఆ పొద్దున మీ ఉత్తరం చదివి జాకెట్లో పెట్టుకుని డ్యూటీ ఎక్కాను. ఎత్తుకుంటే ఎత్తుకుంటాను, ఎవరు ఆపుతారో అని మీరు రాసిన ఉత్తరం. పదకొండు గంటలకు ప్రియంక మిస్సు ఏడుస్తూ ఫోన్ చేసింది. నారు నాటాక పిల్లలను కాళ్ళు కడగడానికి తీసుకుపోయి లెక్క చూస్తే ఒకరు తక్కువ అని. నేను ఇంకేం అనుకోవాలి?

మీరు ఎత్తుకుపోలేదు, సరే. కానీ ఎవరో ఒకరు దారి చూపించారు. ఏడేళ్ళ పిల్ల తనంతట తాను ఊళ్ళో నడిచి, కాలువ దాటి, ఆ చేను ఎలా పట్టుకుంటుంది? అక్కడికి ఎవరు పంపారు? నేను ఆ ఒక్క మాట ఎత్తవద్దని రాశాను. కారణం అడగవద్దని బతిమాలాను.

నాలుగు రోజుల్లో పాప ఒకే ఒక్కసారి నోరు తెరిచింది. నా వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పింది. "నేను నాయన మీద కూసోని అన్నం తినినానంట."

ఎవరు చెప్పారు అత్తమ్మా ఆ మాట? ఎవరికి నోరు వచ్చింది?

నాకు ఇంక ఉత్తరాలు రాయవద్దు.

శశికళ


కే.జీ.కండిగై
20-11-2024

శశీ,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటి చదువు, తర్వాత చించేయి.

నీ ఉత్తరం పట్టుకుని మొదట చౌడయ్య దగ్గరకు పోయాను. మన ఎదురింటి పెద్దాయన, ఎప్పుడూ అరుగు మీదే ఉంటాడు, కాలు స్వాధీనంలో లేదు. ఆ రోజు పాప ఊళ్ళోకి వచ్చి, "ఎల్లప్ప తాత ఇల్లు ఏడ" అని అడుగుతూ మన వాకిటికి వచ్చిందట. చంకలో టిఫిన్ డబ్బా ఉందట. తాళం చూసి అరుగు దగ్గరకు పోయి, "మా నాయన ఏడ" అని అడిగిందట. ఎవరు నువ్వంటే శరత్‌కుమార్ కూతురినని చెప్పింది. చౌడయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. బిడ్డ తండ్రి సమాధి చూడటానికి వచ్చిందనుకున్నాడు. "ఆడ, కాలవ దాటినాక మీ చేని గట్టు మింద ఉండాడు పాపా. అవ్వ వచ్చినాక పోదువు, కూసో" అన్నాడు. వాన మొదలైందని లోపలికి జరిగి చూసేసరికి పిల్ల లేదు. పిలిచాడు, వానలో ఎవరికీ వినబడలేదు. వెతికేవాళ్ళంతా తోట చుట్టూ, బావుల దగ్గరే తిరిగారు, సాయంత్రం దాకా అరుగు వైపు ఎవరూ రాలేదట.

ఇంటికి వచ్చి మీ మామను లేపి కూర్చోబెట్టాను. నీ ఉత్తరంలో పాప అన్న మాట చదివాను. అప్పుడు ఆయన నోరు విప్పాడు.

సాయంత్రం ఆయన ఆర్.కె.పేట బస్సు దిగేసరికి ఊరంతా పాప కోసం వెతుకుతోంది. చౌడయ్య చెప్పగానే ఆయన చేనికి పరుగెత్తాడు. పాప సమాధి అరుగు మీదే కూర్చుని ఉంది. తడిసి ముద్దై, పావడా కాళ్ళకు అతుక్కుపోయి. అది సమాధి అని దానికి తెలియదు. చేనిలో అదొక్కటే కూర్చోవడానికి అనువుగా ఉంది. ఆయన చేతులతో ఆయన కట్టిన అరుగే. పక్కన డబ్బా మూత పెట్టి ఉంది. సగం తిని సగం ఉంచింది. ఆయన ఎత్తుకోబోతే విదిలించుకుని, "నాయన వచ్చేదాకా రాను. చేను చూసుకోను పోయినాడు, వస్తాడు" అంది.

మీ మామకు ఏం తెలుసు శశీ? పిల్ల జ్వరంతో మాట్లాడుతోందనుకున్నాడు. గుండె ఆగక, "యాడికీ పోలేదు తల్లీ, ఈడనే పండుకోనుండాడు, నువ్వు కూసోనుండేది వాని మీదనే" అన్నాడు. పాప కిందికి చూసింది. దిగి పక్కకు జరిగింది. అంతే, మళ్ళీ మాట్లాడలేదట. భుజాన వేసుకుని వస్తుంటే కట్టె మోసినట్టుందట. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముట్టలేదు.

పాపకు తెలియదా? మూడేళ్ళుగా నువ్వు చెప్పలేదా?

నిన్నంతా నీ మీద మండిపడ్డాను. తండ్రి చావు బిడ్డకు చెప్పకుండా ఎలా ఉంటారని. ఇవాళ పొద్దున గంజి కాస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. లోకమంతటిలో నా కొడుకు బతికున్న చోటు ఒకటి ఉండేది, పాప దగ్గర. వాడు పైరు చూసుకుంటూ, రేపో మాపో వస్తాడని ఒకరైనా ఎదురుచూశారు. ఆ సంగతి నాకు ముందే తెలిసుంటే నేనూ వచ్చి ఆ ఇంట్లో ఒక మూల కూర్చునేదాన్ని.

ఇంకొకరిని చేసుకుంటావని రాశాను. అది నీ చేతికి అందకుండా ఉంటే ఎంత బాగుండేదో.

పాప ఏమైనా తినిందా?

అలిమేలమ్మ


తిరువళ్ళూరు
23-11-2024

అత్తమ్మకు, మామకు నమస్కారాలు.

ఉత్తరం చించలేదు.

కడంబత్తూరు దగ్గర ఆయనను లారీ గుద్దిన రోజు పాప మా అమ్మ దగ్గర నగరిలో ఉంది. మీకు గుర్తుందో లేదో. కర్మలయ్యాక నేను తీసుకువచ్చినప్పుడు నాయన ఏడని అడిగింది. నిద్రమొహంతో ఉంది. పొద్దున చెబుదామనుకుని, ఊళ్ళో చేను చూసుకోను పోయినాడు అన్నాను. పొద్దున మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. తర్వాత అది నా చేతుల్లో లేదు. చేనిలో ఏం పంట అని అడిగేది, చెప్పేదాన్ని. పాములుంటాయా అనేది. బడిలో కుటుంబం బొమ్మ గీయమంటే నాయనను మామిడి చెట్టు కింద నిలబెట్టింది. మీ ఫోను ఆపేసింది ఇందుకే. మీరు ఒక్క మాట అంటే అంతా కూలిపోతుందని.

కండిగై పేరు వినగానే పాప ఎందుకు అన్నం మానేసిందో నాకు తెలుసు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. బస్సులో పోయి ఆ ఊరు చూసి వస్తే చాలనుకుంటుందని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. టూరుకు జడ వేస్తుంటే అడిగింది, "నేను పొడుగైపోయినానే, నాయన నన్ను గుర్తుపడతాడా?" అని. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. రిబ్బను కట్టి బస్సెక్కించాను.

పోలీసుల దగ్గరకు పోయి కంప్లయింట్ వెనక్కు తీసుకున్నాను. మీరు చెప్పిన దారుల్లో వెతికి ఉంటే పొద్దు వాలకముందే దొరికేది. ఆ నేరం నాది.

ప్రియంక మిస్సు రోజూ వస్తోంది. ఆమెను బడిలో మందలించారట, పాపం తలుపు దగ్గరే నిలబడి పోతుంది. జ్వరం తగ్గుముఖం పట్టింది. కానీ తినకపోతే లేవదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. నేను మంచం దగ్గరకు పోతే పాప కళ్ళు మూసుకుంటుంది. నిన్న నేను అంతా చెప్పబోయాను. చెవులు మూసుకుని, "నువ్వు అబద్దాలు చెప్తావు. అవ్వ చెప్పనీ" అంది.

అత్తమ్మా, నాకు వేరే దిక్కు లేదు. రండి. మామను కూడా తీసుకురండి. వార్డు పేరు ఎలుమలైకి చెప్పాను, అతనే తీసుకువస్తాడు. ఆలస్యం చేయకండి.

మీ కోడలు
శశికళ


కే.జీ.కండిగై
27-11-2024

చిరంజీవి శశికళకు అత్త అలిమేలమ్మ రాస్తున్నది.

క్షేమంగా ఊరు చేరాం. బస్సులో మీ మామ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. చాలా రోజుల తర్వాత నిద్రపోయాడు, అందుకే తిరుత్తణిలో దిగేదాకా లేపలేదు.

నువ్వు వరండాలోనే ఉండిపోయావు. లోపల ఏం మాట్లాడామో అడగలేదు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పాప నన్ను గుర్తుపట్టలేదు. "అవ్వనమ్మా" అంటే చాలాసేపు చూసింది. నేను ముట్టుకోలేదు. అదే అడిగింది. "నాయన సచ్చిపోయినాడా?" అని. ఔనన్నాను. "మళ్ళ రాడా?" "రాడు." ఎప్పుడని అడిగితే నీకు నాలుగేళ్ళప్పుడు అని చెప్పాను. లారీ సంగతి కూడా చెప్పాను. దాచలేదు. వింటూ దుప్పటి అంచు నలుపుతూ ఉంది. ఏడవలేదు. ఏడవకపోతే నాకు భయం వేసింది.

తర్వాత చాలా చిన్నగా అడిగింది. "నేను పైన కూసున్నా కదా. నాయనకు నొప్పి పుట్టి ఉంటాదా?"

శశీ, ఇన్నాళ్ళూ పిల్ల పెదవులు బిగించుకుని మోసింది ఇది. మనం అబద్ధం గురించి, కంప్లయింట్ గురించి రాసుకుంటున్నాం.

మీ మామ తలుపు అవతల నిలబడి ఉన్నాడు, లోపలికి రానని మొండికేసి. ఆ మాట విని వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, మోకాలు వంగదన్న మనిషి. "పుట్టలేదు తల్లీ," అన్నాడు. "నీకు పండ్లు వచ్చేదాకా నువ్వు వాని రొమ్ము మీదనే పండుకునేదానివి. దించితే ఏడుస్తావని రేయంతా కదలకుండా ఉండేవాడు. నీ బరువు వానికి అలవాటే."

అప్పుడు ఏడ్చింది. నువ్వు పరుగెత్తుకుని వచ్చింది ఆ ఏడుపు వినే. మేం ముగ్గురం అలా ఉండటం చూసి ఏదో కీడు జరిగిందనుకున్నావు. నువ్వు వచ్చి పట్టుకుంటే పాప నిన్ను తోసేసింది, మళ్ళీ తనే నీ కొంగు పట్టుకుంది. నువ్వు గమనించావో లేదో, అది కొంగు వదలకుండానే ఇడ్లీ తినింది.

ఇంకో మాట. నువ్వు మందుల కోసం కిందికి పోయినప్పుడు, "అమ్మ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. మీ అమ్మకు ఆ మాట నోట్లోంచి రాలేదని చెప్పాను. అది నీ తరఫున చెప్పింది కాదు. నేనూ ఈ మూడేళ్ళలో వాడు పోయాడు అన్నాను, లేడు అన్నాను, చచ్చిపోయాడని ఎవరి ముందూ అనలేదు. మొదటిసారి అనింది ఆ మంచం దగ్గరే. అన్నాక కూడా కూర్చునే ఉన్నాను, ఊపిరి ఆడుతూనే ఉంది.

పాప మళ్ళీ అడుగుతుంది. రేపే అడగవచ్చు, సంవత్సరం పోయాక అడగవచ్చు. ఈసారి నా కోసం కబురు పెట్టకు. నువ్వే చెప్పు.

అత్త
అలిమేలమ్మ